నల్లది ఉండాలి, ఎర్రది పోవాలి

మా తాత తుపాకి ఇప్పుడు బెంగళూరులో, చామరాజపేటలో మా పెద్నాయన ఇంట్లో ఉంది. 12 బోరు, జోడుగొట్టాలది. బర్మింగ్‌హామ్‌లో తయారై మద్రాసులో అమ్ముడైన సరుకు. రెండు గొట్టాల నడుమ పట్టీ మీద ‘పి. ఓర్ అండ్ సన్స్, మద్రాస్’ అన్న అక్షరాలు సన్నగా చెక్కి ఉంటాయి. హిందూపురం అవతల మా ఊళ్లో శెనక్కాయ చేలమీదికి పందులు దిగకుండా కాపలాకని తాత కొన్నాడు. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చాక అది మళ్లీ పేలలేదు. తాత పోయాక లైసెన్సు పెద్నాయన పేరుకు మారింది. ఆయన ఉద్యోగంతో పాటు తుపాకి కూడా బెంగళూరు చేరింది.

2024 లోక్‌సభ ఎన్నికలకు ముందు, లైసెన్సు తుపాకులు అప్పగించమన్నారని, దాన్ని పోలీస్ స్టేషన్‌లో అప్పగించాం. ఏప్రిల్ 26న బెంగళూరు ఓటేసింది, జూన్ 4న లెక్కింపు అయింది, వానలు పడుతుండగా తుపాకి తిరిగొచ్చింది. ఏ కాన్వాసు సంచిలో ఇచ్చామో ఆ సంచిలోనే వచ్చింది. తప్పు మాదీ ఉంది. రసీదు చూసుకున్నాం గాని సంచి విప్పి చూసుకోలేదు. మూణ్ణెల్లు అది బీరువాలో చెమ్మ సంచిలోనే నిలబడింది. దసరాకు పది రోజుల ముందు ఆయుధపూజకని విప్పితే, కుడి గొట్టం మీద జానెడు పొడవున ఎర్రగా తుప్పు లేచి ఉంది.

ఆ ఆదివారం పెద్నాయనకూ మా చెల్లెలికీ జరిగిన వాదన ఇది. చెల్లెలు మెటలర్జీ చదివింది, రోజూ లోహాలతోనే పని. పెద్నాయనకు ఆ తుపాకి పదేళ్ల వయసు నుంచీ తెలుసు. నేను టార్చి లైటు పట్టుకున్నవాణ్ణి.

పెద్నాయన: పేపర్లు పరువమ్మా కింద. ఎమ్రీ పేపరు తెచ్చినా. చింతపండు పొద్దున్నే నానబెట్టినా. ఒక పూట కూచుంటే తళతళమనిపిస్తా.

చెల్లి: ఎమ్రీ పేపరు ఆ పక్కన పెట్టండి పెద్నాయనా. ముందు తుపాకి విరిచి చూపించండి, లోపల తోటా లేదని.

పెద్నాయన: యాభై ఏండ్లుగా ఖాళీగా ఉండాదిమ్మా ఇది.

చెల్లి: ఖాళీ అనుకున్న తుపాకులే ఇళ్లల్లో పేలేది.

(ఆయన ఇంకేం అనలేదు. తుపాకి విరిచి, రెండు గొట్టాల్లోంచీ కిటికీ వెలుగు చూసి, ఒక్కోదాంట్లో చిటికెన వేలు పెట్టి తడిమాడు. “మా నాయన చీకట్లో ఇట్లనే వేలు పెట్టి చూసేటోడు” అన్నాడు. తరువాత ముందుకర్ర ఊడదీసి, గొట్టాలు విడదీసి, పాత పంచె ముక్క మీద పెట్టాడు.)

పెద్నాయన: తుప్పు అనేది రోగం. రోగాన్ని కోసి పారెయ్యల్ల. పైన పైన తుడిస్తే లోపల తింటానే ఉంటుంది. నువ్వు చదువుకున్నావు, నీకు తెలీదా?

చెల్లి: తెలుసు. అయితే మీరు ఏ తుప్పు కోస్తామంటున్నారు?

పెద్నాయన: ఏ తుప్పేంది? కనపడేది.

చెల్లి: ఇక్కడ కనబడేవి రెండు తుప్పులు. ఈ ఎర్రది ఒకటి. గొట్టమంతా ఉన్న ఈ నలుపు ఉంది చూడండి, దీన్నే బ్లూయింగ్ అంటారు, అదీ తుప్పే.

పెద్నాయన: రంగు గదా అది?

చెల్లి: రంగు కాదు పెద్నాయనా. పైన పూసింది ఏమీ లేదు. ఇలాంటి పాత జోడుగొట్టాలకు పనివాళ్లు కావాలనే తుప్పు పట్టిస్తారు. నూనె మరక లేకుండా కడిగి, ఆమ్లం కలిపిన మందు పల్చగా పూసి, చెమ్మగా ఉండే గదిలో వేలాడదీస్తారు. కొన్ని గంటలకు సన్నగా ఎర్రపొడి లేస్తుంది. అప్పుడు గొట్టాలను మరిగే నీళ్లల్లో ముంచుతారు. ఆ వేడికి ఎర్ర తుప్పు నల్ల తుప్పుగా మారుతుంది. వదులుగా ఉన్న పొడిని మెత్తటి తీగ బ్రష్‌తో దులిపి, మళ్లీ మందు, మళ్లీ చెమ్మ, మళ్లీ మరుగునీళ్లు. అలా ఎన్నోసార్లు చేస్తేనే ఈ నలుపు దిగుతుంది. రోజుల తరబడి పని. దీని మందం ఎంతో తెలుసా? ఒకటి రెండు మైక్రాన్లు. మీ వెంట్రుక అంతకు ముప్పై నలభై రెట్లు ఉంటుంది.

పెద్నాయన: తుప్పుకు తుప్పే కాపలానా?

చెల్లి: అవును. ఎర్ర తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే ఉబ్బి, పెళుసై, పొరలుగా ఊడుతుంది. దాని సందుల్లో నీళ్లు నిలుస్తాయి. నల్లది ఇనుమును గట్టిగా కరుచుకుని ఉంటుంది, దాని సన్నటి రంధ్రాలు నూనెను పట్టి ఉంచుతాయి. మన పనంతా ఇదే. ఎర్రది పోవాలి, నల్లది ఉండాలి. మీ ఎమ్రీ పేపరుకు ఆ తేడా తెలీదు. నాలుగుసార్లు రుద్దితే రెండూ పోయి తెల్ల ఇనుము బయటపడుతుంది. చూడ్డానికి తళతళలాడుతుంది, వచ్చే వానాకాలానికి గొట్టం మొత్తం ఎర్రబడుతుంది.

(పెద్నాయన కొంచెంసేపు ఆలోచించాడు. నిజం చెప్పాలంటే ఆయన తరువాత అడిగిన ప్రశ్న నాకు తట్టలేదు.)

పెద్నాయన: సరే. మరుగునీళ్లల్లో ఎర్రది నల్లగా అయితాదంటివి గదా. అట్లయితే దీన్ని రుద్దేదే ఎందుకు? పెద్ద గంగాళంలో వేసి మరగబెడితే, ఉన్న తుప్పే నల్లబడి కూచోదా?

చెల్లి: (నవ్వి) మీరు మెటలర్జీ చదవాల్సింది. నిజంగానే అలా చేసేవాళ్లున్నారు. పాత గొట్టాలు బాగుచేసే పనివాళ్లు మంచి నీళ్లల్లో మరిగించి, వదులైంది దులిపి, మిగిలిన నలుపును అలాగే ఉంచుతారు. మంచి పద్ధతి. అయితే ఈ రెండు గొట్టాలూ, మధ్యలో పట్టీలూ సీసం తగరం కలిపిన టంకంతో అతికినవి. నూరు డిగ్రీల నీళ్లకు టంకం కరగదు, అది భయం లేదు. పట్టీ కింద ఎక్కడైనా అతుకు వదిలి ఉంటే నీళ్లు లోపలికి దిగుతాయి, అక్కణ్ణించి ఎప్పటికీ ఆరవు. బయట నలుపు చూసి సంతోషపడుతుంటే లోపల నుంచి తినేస్తుంది. వంటింట్లో గంగాళం పెట్టి చేసే పని కాదు.

పెద్నాయన: అతుకు వదిలిందో లేదో నేను చెప్తా ఉండు.

(ఇది ఆయన విద్య. గొట్టాల కింద ఉండే కొక్కేన్ని ఒక వేలికి తగిలించుకుని, గొట్టాలను గాల్లో వేలాడదీసి, రెండో చేతి వేలి కణుపుతో టంగుమని కొట్టాడు. గుడిగంట సన్నగా సాగినట్టు మోగింది, మోగుతూనే ఉంది. “విన్యా? పట్టీ వదిలి ఉంటే పగిలిన కుండ మాదిరి బద్దుమంటుంది. మా నాయన సంతలో పాత తుపాకి కొనేవాళ్లకు ఇట్ల కొట్టి చెప్పేటోడు” అన్నాడు. చెల్లెలు ఆ గొట్టాలు తీసుకుని తనూ నాలుగుసార్లు కొట్టి చూసుకుంది. ఆ శబ్దం దాని ముఖంలో కనబడింది.)

చెల్లి: ఇది నాకు తెలీదు పెద్నాయనా. చాలా బాగుంది. అతుకులు గట్టిగా ఉన్నాయి. అందుకే ఇంకో మాట కూడా చెప్తున్నా, వీటిని వేడి ఉప్పుల తొట్టికి మాత్రం పంపొద్దు.

పెద్నాయన: అదే పంపుదామనుకున్నా. నా మడికేరి దోస్తు ఒకడు పంపినాడు, కొత్తదాని మాదిరి నల్లగా నిగనిగలాడుతా వచ్చింది.

చెల్లి: ఆయనది ఒంటిగొట్టమా?

పెద్నాయన: ఒంటిగొట్టమే.

చెల్లి: ఒంటిగొట్టానికి పరవాలేదు. ఆ తొట్టిలో ఉండేది కాస్టిక్ సోడా, నైట్రేటు ఉప్పులు. నూట నలభై డిగ్రీల చిల్లర వేడిలో మరుగుతుంటాయి. ఇనుముకు అరగంటలో నలుపు వస్తుంది. ఆ కాస్టిక్కే టంకంలోని తగరాన్ని తినేస్తుంది. ఇందాక గంటలా మోగిందే, అది బద్దుమంటుంది. ఇంకొకటి, తొట్టిలో వేసేముందు గొట్టం మొత్తం పాలిష్ పట్టాలి. ఈ అక్షరాలు చూడండి.

(నన్ను టార్చి దగ్గరగా పెట్టమంది. ‘మద్రాస్’లోని ఆఖరి అక్షరం ఇప్పటికే సగం అరిగి ఉంది. గొట్టాలను తిరగేస్తే, తుపాకి మూసినప్పుడు కనబడకుండా ఉండే చదునుభాగం మీద చిన్నచిన్న కిరీటాలు, అక్షరాలు, ఒక డైమండ్ ఆకారంలో 12 అంకె, పక్కన తుపాకి నంబరు.)

చెల్లి: ఈ కిరీటాలు బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ గుర్తులు. అది 1813 నుంచీ ఉంది. మామూలుకంటే ఎక్కువ మందు వేసి పేల్చి చూసి, గొట్టం తట్టుకుంటేనే ఈ ముద్ర కొడతారు. ఇక ఈ నంబరు సంగతి నాకంటే మీకే బాగా తెలుసు.

పెద్నాయన: లైసెన్సులో ఉండే నంబరు.

చెల్లి: 1959 ఆయుధాల చట్టం 8వ సెక్షన్‌లో ఉంది, తుపాకి మీది పేరు, నంబరు, గుర్తు చెరపడం నేరం. తుప్పు వదిలించబోయి నంబరు అరగదీసుకుంటే, రేపు లైసెన్సు రెన్యువల్‌కు పోయినప్పుడు ఏం చూపిస్తాం?

పెద్నాయన: (ఎమ్రీ పేపరు మడిచి జేబులో పెట్టుకుంటూ) ఈ మాట ముందే చెప్పింటే అయిపోయేది గదా. సరే, పేపరు వద్దు. చింతపండు ఏం చేసింది పాపం? అది గీకదు. ఇత్తడి చెంబులు, పూజ సామాన్లు తరతరాలుగా దాంతోనే తోముతాండారు.

చెల్లి: ఇత్తడి మీద చిలుముకు అది బంగారం లాంటిది. ఇక్కడ అది ఎమ్రీ కంటే ప్రమాదం, చప్పుడు లేకుండా చేస్తుంది గనక. చింతపండులోని పులుపు ఎర్ర తుప్పునూ కరిగిస్తుంది, నల్ల తుప్పునూ కరిగిస్తుంది. చూపిస్తా.

(పెద్నాయన పనిముట్ల డబ్బాలోంచి ఒక నల్లటి డ్రిల్ బిట్టు తీసి, సగం వరకు చింతపండు పులుసులో ముంచి పక్కన పెట్టింది. కాఫీ తాగి వచ్చేసరికి పులుసులో ఉన్న సగం బూడిదరంగుకు తిరిగింది. గోరుతో గీస్తే నల్లటి మసి వేలికంటుకుంది, కింద తెల్లటి ఇనుము. పెద్నాయన ఆ బిట్టును చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.)

చెల్లి: నిమ్మకాయ, వెనిగరు, బజార్లో దొరికే తుప్పు మందులు అన్నీ ఇంతే. ఆమ్లం లేదని రాసి ఉండే ద్రావకాలున్నాయి, అవీ ఇంతే. తుప్పు అంటే ఐరన్ ఆక్సైడు, బ్లూయింగూ ఐరన్ ఆక్సైడే. వాటికి మా తాత తుపాకి, పాత గొళ్లెం ఒకటే.

పెద్నాయన: మరి నువ్వేం తెచ్చినావు?

చెల్లి: నూనె. నాలుగు సున్నాల స్టీల్ ఊల్. ఓపిక.

పెద్నాయన: నూనె అంటే మా నాయన కొబ్బరినూనె రాసేటోడు.

చెల్లి: ఏమీ రాయకపోవడం కంటే అది నయమే. అయితే కొబ్బరినూనె కొన్నాళ్లకు ముక్కిపోతుంది, ముక్కిందాంట్లో ఆమ్లం పుడుతుంది. ఆముదం జిగటగా తయారై లోపలి స్ప్రింగులకు అడ్డం పడుతుంది. తుపాకి నూనె లేకపోతే కుట్టుమిషను నూనె మేలు. ఇది రాత్రంతా నానాలి. ఇవాళ రాసిపెడదాం, రేపు సాయంత్రం పని మొదలుపెడదాం.

(ఆ రాత్రి తుప్పు మీద నూనె మందంగా రాసి, సన్నటి గుడ్డ పేలిక చుట్టి వదిలేశాం. మరునాడు దీపాలవేళకు మళ్లీ కూచున్నాం. గుడ్డ విప్పితే, ఉబ్బెత్తుగా ఉన్న తుప్పు మెత్తబడి ఎర్రమట్టి తడిసినట్టుంది.)

పెద్నాయన: ఇప్పుడు ఆ పీచుతో రుద్దొచ్చునా? మన వంటింట్లో గిన్నెలు తోమే స్టీలు పీచు ఉండాది గదా, అదీ ఇదీ ఒకటే కాదూ?

చెల్లి: ఒకటి కాదు. అది రిబ్బను మాదిరి పలకలుగా ఉంటుంది, గీతలు పడతాయి. ఇది పట్టుకుంటే పత్తిలా ఉంటుంది, చూడండి. దీన్నైనా పొడిగా రుద్దకూడదు. నూనెలో తేలుతున్నట్టు, రెండువేళ్ల బరువుతో, చిన్న చుట్లు. పదిసార్లు తిప్పి ఆపాలి, తుడవాలి, గుడ్డ చూడాలి.

పెద్నాయన: గుడ్డలో చూసేదేముంది?

చెల్లి: రంగు. గుడ్డ మీద ఎర్రగా, కాఫీపొడి రంగులో వస్తుంటే తుప్పు వస్తోంది, సాగనివ్వొచ్చు. ఎరుపు పోయి నల్లగా రావడం మొదలైతే అక్కడితో చెయ్యి ఆపాలి. వస్తున్నది బ్లూయింగ్.

(తెల్ల పంచె ముక్క ఎందుకు తెమ్మందో అప్పుడు తెలిసింది నాకు. మొదటి తుడుపుకు ఇటుకపొడి. రెండో తుడుపుకు కొంచెం పల్చన. నాలుగైదు తుడుపుల తరువాత జానెడు తుప్పులో మూడువంతులు లేదు, కింద నలుపు కొంచెం వెలిసి కనబడుతోంది గాని ఉంది. అక్కడక్కడ ఆవగింజంత గట్టి గడ్డలు మాత్రం కదల్లేదు. స్టీల్ ఊల్‌తో అక్కడే ఎక్కువసేపు రుద్దితే చుట్టూ ఉన్న నలుపు పోతుంది.)

చెల్లి: వీటికి రాగి కావాలి. రాగి, కంచు ఈ ఉక్కుకంటే, నల్ల పొరకంటే మెత్తన. గడ్డను లేపుతాయి గాని గొట్టాన్ని గీయలేవు. పాత రాగి నాణెం ఏదైనా ఉందా ఇంట్లో?

(పెద్నాయన లేచి దేవుడిగదిలోకి పోయి, భరిణెలోంచి ఒక చిల్లుకానీ తెచ్చాడు. యుద్ధం రోజుల్లో, 1943 నుంచి వచ్చిన, నడుమ పెద్ద చిల్లున్న కంచు కానీ. చెల్లెలు దాని అంచును నూనెలో ముంచి, గడ్డ పక్క నుంచి దాదాపు పడుకోబెట్టినట్టు నెట్టింది. టిక్కుమని చిన్న చప్పుడుతో గడ్డ ఊడింది. గొట్టం మీద ఎర్రటి రాగి చార మిగిలింది, నూనెగుడ్డతో తుడిస్తే పోయింది.)

పెద్నాయన: చిల్లుకానీకి కొరగాడని మనుషుల్ని తిడతారు. ఇదిగో, ఇన్నేండ్లకు పనికొచ్చింది. ఇట్లా ఇయ్యి, నేను చేస్తా.

(ఆ గంటసేపు వాదన లేదు. ఆయన చేతులు వణుకుతాయి గాని, నాణెం పట్టుకున్నప్పుడు వణకలేదు. గొట్టాలు బిగుసుకునే యాక్షన్ భాగం మీద మాత్రం చెల్లెలు ఆయన్ని స్టీల్ ఊల్ కూడా పెట్టనివ్వలేదు. నెమలికంఠం రంగులు మచ్చలుగా ఉంటాయక్కడ, ఎముకలబొగ్గులో కాల్చి నీళ్లల్లో ముంచితే వచ్చేవి. అవి ఊదితే పోయేంత పల్చన. అక్కడ ఒట్టి గుడ్డ, నూనె. గొట్టాల లోపలికి కంచు బ్రష్. వాదన మళ్లీ గుంటల దగ్గర మొదలైంది.)

పెద్నాయన: గడ్డలు పోయినాయి. గుంటలు మిగిలినాయి. గుంట అడుగున ఇంకా ఎర్రగా ఉండాది చూడు. సూదితో తవ్వి తీసేద్దాం.

చెల్లి: తవ్వితే గుంట పెద్దదవుతుంది. ఇనుము పోయింది పోయింది, తిరిగి రాదు. లోపల నూనె దించి వదిలేద్దాం.

పెద్నాయన: గరికవేరు వదిలేస్తే మళ్లీ మొలుస్తుందమ్మా. సేద్యం చేసినోణ్ణి, నాకు తెలుసు.

చెల్లి: గరికకు నీళ్లు కావాలి. తుప్పుకూ అంతే. గాల్లో తేమ అరవై శాతం దాటితే దానికి ఊపిరి వస్తుంది. నీళ్లు, గాలి తగలకుండా నూనె కప్పి ఉంటే అడుగున ఉన్నది నిద్రపోతుంది.

పెద్నాయన: ఢిల్లీ ఇనుపస్తంభం మాదిరా? పదహారు వందల ఏండ్లుగా ఎండకూ వానకూ నిలబడి ఉండాదంటారు. మన కోనసముద్రం ఉక్కు డమాస్కస్‌దాకా పోయిందంటారు. ఆ కాలపు ఉక్కే వేరు.

చెల్లి: ఆ స్తంభం ఇనుములో భాస్వరం ఎక్కువ, అందుకని దానిమీద తుప్పే ఒక గట్టి పొరగా కూచుని కాపాడుతోంది. అలాంటి ఇనుము అరుదు. నగర కోటలో, శివమొగ్గ జిల్లాలో, 2018లో ఎండిపోయిన బావిలోంచి టిప్పు కాలపు యుద్ధ రాకెట్లు వెయ్యికి పైగా తీశారు. అవీ మన మైసూరు సీమ ఇనుప గొట్టాలే. బురదలో ఇన్నాళ్లుండి, తుప్పు గట్టి పెళ్లలు కట్టి ఉన్నాయి. ఎక్కువ ఇనుముకు రాసిపెట్టింది అదే. ఈ గొట్టాల ఉక్కు ఏ స్తంభమూ కాదు. దీన్ని కాపాడేది నూనె పల్చటి పొర ఒక్కటే.

పెద్నాయన: అదే నేను చెప్పేది! నూనె ఎన్నాళ్లుంటుంది? నెల, రెండు నెలలు. నువ్వు నీ పనిమీద పోతావు. నాకు ఇంకో నాలుగేండ్లు చూపు ఉంటే గొప్ప. మళ్లీ ఎన్నికలొస్తాయి, మళ్లీ ఇచ్చిరావల్ల, ఆడ ఎవురు నూనె రాస్తారు? నువ్వు చెప్పేదంతా చూసుకునే మనిషి ఉంటే నడిచేది. నేను గీకి పారేస్తే ఒక్కసారితో అయిపోతుందని గాదు, గీకినప్పుడన్నా కళ్లకు కనపడుతుంది, ఈసారి శుభ్రంగా ఉండాదని.

చెల్లి: గీకిన గొట్టానికి ఇంకా ఎక్కువ చూసుకునే మనిషి కావాలి పెద్నాయనా.

పెద్నాయన: మనిషే లేదంటాంటే ఇంకా ఎక్కువ మనిషి యాణ్ణించి తెచ్చేది?

(దీనికి చెల్లెలి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఆయన చెప్పిందే ఈ వ్యవహారంలో అసలు ముడి అని నాకిప్పటికీ అనిపిస్తుంది. చెల్లెలు కాసేపాగి, చెయ్యగలిగినవి చెప్పింది. తోలు పెట్టెలో, కాన్వాసు సంచిలో తుపాకి నిలవ ఉంచకూడదు, రెండూ చెమ్మను పీల్చి పట్టుకుంటాయి. బీరువాలో సిలికా జెల్ పొట్లాలు, నెలకోసారి వాటిని వేడిచేసి ఆరబెట్టడం. ఒట్టిచేతుల్తో పట్టుకుంటే వెంటనే తుడవడం, చెమటలో ఉప్పుంటుంది గనక. మళ్లీ అప్పగించాల్సి వస్తే నూనె కాదు, మైనం. 1950ల్లో బ్రిటిష్ మ్యూజియం వాళ్లు తమ వస్తువులకని తయారుచేసుకున్న పెట్రోలియం మైనం లాంటిది పల్చగా రాసి మెరుగుపెడితే, అది నూనె మాదిరి కారిపోదు. పెద్నాయన ఒకటి చేర్చాడు. నూనె రాసిన తుపాకిని మూతి కిందికి పెట్టి నిలబెట్టాలి. మూతి పైకుంటే నూనె మెల్లిగా యాక్షన్‌లోంచి కర్రలోకి దిగి, వాల్‌నట్ కర్ర నల్లబడి మెత్తబడిపోతుంది. “మా నాయన మాట ఇది” అన్నాడు. చెల్లెలు ఫోన్‌లో రాసుకుంది.)

చెల్లి: ఎడమ గొట్టం మీద ఇంకో మూడు మచ్చలున్నాయి పెద్నాయనా. ఇవి వింతగా ఉన్నాయి. మిగతా తుప్పంతా అడ్డదిడ్డంగా ఉంది, ఇవి మాత్రం గుండ్రంగా, కొలిచి పెట్టినట్టు, సమాన దూరంలో ఉన్నాయి. పైగా ఈ ఏటివి కావు, చాలా పాతవి.

(టార్చి అక్కడ పెట్టాను. బొటనవేలి ముద్రంత మూడు గుండ్రాలు. పెద్నాయన చూసి చాలాసేపు మాట్లాడలేదు.)

పెద్నాయన: వాటిని ముట్టొద్దు.

చెల్లి: ఎందుకు?

పెద్నాయన: అవి మా అమ్మ పెట్టిన బొట్లు. ప్రతి ఆయుధపూజకూ గంధం తీసి, దాని మీద కుంకుమ. కొడవలికి, నాగలికి, తుపాకికి. తుపాకికి మాత్రం మూడు. విజయదశమి గడిచేదాకా తుడవనిచ్చేది కాదు.

చెల్లి: తడి గంధం... (కొంచెం ఆగి) రెండు రోజులు తడి పట్టి ఉంచేది. ఏటేటా అదే చోట.

పెద్నాయన: అదే చోట. ఆమె చెయ్యి అట్లనే పడేది. మా మడికేరి దోస్తు వాళ్లింట్లో కైల్‌పోదుకు, అంటే వాళ్ల ఆయుధపూజకు, తుపాకి మూతిలో పువ్వు పెడతారు, తోక్ పూ అని, మన అగ్నిశిఖ పువ్వే. ఆ మూతి లోపల కూడా తుప్పుంటుందేమో మరి. అడగాల వాణ్ణి.

చెల్లి: పెద్నాయనా, ఎర్రది ఉంచితే ఇది ఇంకా లోపలికి తింటుంది. ఎర్రది తీసేస్తే గుంట ఉండిపోతుంది. గుంటను ఎవరూ తియ్యలేరు, నేనూ తియ్యను. నల్లగా, గుండ్రంగా, మూడూ అలాగే ఉంటాయి. మీరు వద్దంటే వదిలేస్తా.

(ఆయన చిల్లుకానీ మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. అంచు నూనెలో ముంచి, మొదటి గుండ్రం మీద, రెండో దాని మీద, మూడో దాని మీద, ఎవరినీ సాయం రానివ్వకుండా, తనే నెట్టాడు. గుడ్డ మీద ఎర్రగా వచ్చింది, తరువాత పల్చబడింది. నల్లగా రాకముందే ఆపాడు. వేలి కొనతో తడిమితే మూడు లోతులు తెలుస్తున్నాయి.)

మహానవమి నాడు గొట్టాల మీద మైనం ఆరి మసక మెరుపుతో ఉంది. పెద్దమ్మ గంధం గిన్నె పట్టుకుని నిలబడింది. పెద్నాయన మూడు తమలపాకులు తెప్పించి, మూడు చోట్లా గొట్టం మీద పరిచాడు. బొట్లు ఆకుల మీద పెట్టించాడు. హారతి అయింది, బూడిదగుమ్మడికాయ పగిలింది, ప్రసాదాలు పంచారు. పొద్దుగూకకముందే ఆయన ఆకులు తీసి తులసికోట దగ్గర పెట్టి, పొడిగుడ్డతో గొట్టాలు మొత్తం ఒకసారి తుడిచి, తుపాకిని మూతి కిందికి పెట్టి బీరువాలో నిలబెట్టాడు.